రాళ్లగుట్ట కాడ ముచ్చట

పాన్‌గల్ దగ్గర ఒక పల్లె. 2003 ఎండకాలం, వరుస కరువు. దీపాల పొద్దుకు చావిడి కాడ పంచాయితి ఉంది. ఇంట్లో సాయన్న, అతని భార్య సరోజ.

"చెంబు పట్టుకపోయినవ్, సరే. చెంబు పట్టుకపోయేటోళ్లు కొంగుల రొట్టె కట్టుకపోతరా?"

"ఆకలైంది. తినవోయిన."

"ఇంట్ల తినొద్దని ఎవరన్న అన్నరా?"

"అన్నరు. మీ అమ్మ అన్నది. తమ్ముడు సచ్చినంక గూడ దీని నోట్లెకు బుక్క ఎట్ల దిగుతుందో అన్నది. నేను ఇనంగనే అన్నది."

"ముసల్ది ఏదో అంటది. దానికి గుట్టకు పోవాల్నా? ఊర్ల ఆడోళ్లందరు చెరువెనకకు పోతరు. గుంపుగ పోతరు, గుంపుగ వస్తరు. నువ్వు ఒక్కదానివే పోతవ్. అది గూడ మిట్టమధ్యాహ్నం."

"ఒక్కదాన్నే పోవద్దా?"

"పోవద్దు!"

"ఎందుకు పోవద్దు?"

"ఎందుకంటె గిందుకే! కురుమయ్య గొర్లు మేపుకుంట ఇన్నడు. 'రా, తిందువు రా, ఆకలైతలేదా' అన్నవంట. నవ్వినవంట. ఏడ్సినవంట. ఇప్పుడు ఊరు ఊరంత అదే ముచ్చట."

"కురుమయ్యకు చెవుడు."

"మంద అవుతలికెళ్లి గొర్రెపిల్ల దగ్గితె ఇనొస్తది ఆయనకు. చెవుడంట, చెవుడు!"

"గొర్రెపిల్లనే ఇనమను. నన్నెందుకు ఇన్నడు?"

"నా మీద ఒర్లకు సరోజా. పెద్దమనుషులు కూసుంటుండ్రు. జర సక్కగ మాట్లాడు."

"సక్కగనే మాట్లాడుతున్న. దవాఖానల సుగుణమ్మ సిస్టరు చెప్పింది పొమ్మని. పోయిన."

"సిస్టరు రొట్టెలు కట్టుకొని గుట్టల పొంటి తిరుగుమన్నదా?"

"నవ్వకు. నవ్వితె నాకు మండుతది. గుండె దడదడ కొట్టుకొని, ఊపిరి ఆడక, సచ్చిపోతనేమొ అనుకొని పోయిన గదా దవాఖానకు? నువ్వు తోలుకపోలే, ఒక్కదాన్నే పోయిన."

"నాకు పనుండె."

"ఉండె. నీకు ఎప్పటికి ఉంటది. సిస్టరు నాడి చూసింది, గుండె చూసింది. నీకు రోగం లేదు సరోజా, దుఃఖం లోపల గడ్డ కట్టింది అన్నది. గోలీ గూడ ఇయ్యలే. ఊపిరి నిండ పీల్చి మెల్లగ ఇడువు అన్నది. చేతులకు ఏదన్న పని చెప్పు అన్నది. ఒక్కదానివే జర దూరం నడువు అన్నది. మనసులున్నది పైకి అనుకో, ఎవ్వరు ఇనే పని లేదు, నువ్వు ఇంటె సాలు అన్నది."

"ఇంత చదువు చదివి గిదేనా చెప్పేది? ఊపిరి పీల్చమని చెప్పనీకె సర్కారు జీతమిస్తున్నదా?"

"అగో, గిట్లనే అన్నవ్ ఆ దినం గూడ! అయినా చేసిన. ముందు మీ ఇంట్లనే చేసిన. అర్ర మూలకు కూసోని కండ్లు మూసుకొని ఊపిరి పీలుస్తుంటె, మీ అమ్మ వచ్చి దీనికి గాలి సోకింది అన్నది. ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. ఆ పొగకు ఉన్న ఊపిరి గూడ పాయె."

"అదేదో నీ మంచికే..."

"ఆగు, అయిపోలే. బొంత ముందలేసుకొని కుట్టుకుంట కూసున్న. మంగళారం సూది పట్టొద్దని సూది గుంజుకున్నది. జొన్నలల్ల రాళ్లు ఏరుకుంట కూసున్న. కండ్లల్ల నీళ్లొచ్చినయి. దీపాల పొద్దుకు ఆడది ఏడిస్తె ఇంటికి మంచిది గాదన్నది. సరే, పొద్దున ఏడుస్త అని పొద్దున ఏడిస్తె, పొయ్యి కాడ ఏడిస్తె లచ్చిమి పోతదన్నది. గిన్నెలు తోముకుంట కూసున్న. అప్పుడు నువ్వొచ్చినవ్. తోమినవే తోముతున్నవ్, కరువుల నీళ్లన్ని ఒడగొడుతున్నవ్ అని వాకిలంత ఇనేటట్టు ఒర్లినవ్."

"బోరింగు ఎండిపోయింది. ఒర్లనా మరి?"

"ఒర్లు. నీ ఇల్లు, నీ బోరింగు. మరి నేను యాడ కూసోవాలె? గీ ఇల్లెంత? ఒక్క అర్ర, ఒక్క సాయమాను. పిల్లలు, నువ్వు, మీ అమ్మ, మీ మేకలు. ఆడది ఒక్కతె కూసోని ఏడ్సనీకె గీ ఊర్ల జానెడు జాగ ఉన్నదా? చెప్పు. సచ్చినంక పండవెట్టే బొంద తప్ప ఉన్నదా?"

"మెల్లగ, మెల్లగ. బయట మా అమ్మ ఉంది."

"ఇననియ్యి."

"ఓ సాయన్నా! పెద్దమనిషి వెంకటన్న కబురు పంపిండురా. చావిడి కాడ జమైతుండ్రంట. ఒప్పుకున్నదా అది? ఎవడంట?"

"వస్తున్నమని చెప్పు అమ్మా. నువ్వు పో, ఈడ నిలవడకు."

"ఎవడంటరా? మన కులపోడేనా?"

"నువ్వు పోవమ్మా జర! నేను మాట్లాడుతున్న గదా."

"ఇన్నవా మీ అమ్మ మాట?"

"ఇన్న. ఇప్పుడు నా మాట ఇను. నేను అంత సక్కవెట్టిన. పొద్దున్నే వెంకటన్న ఇంటికి పోయి కూసోని మాట్లాడిన. నువ్వు చావిట్లెకు వచ్చి తలకాయ దించుకొని నిలవడు. ఏం అడిగినా 'తప్పయింది' అను. ఒక్కటే మాట. ఇంకో మాట నోట్లెకెళ్లి రావద్దు. పెద్దమనుషుల కాళ్లు మొక్కు. నేను లేసి, నా పెండ్లాన్ని నేను ఏలుకుంట, ఇంకెవ్వరు మాట్లాడొద్దు అంట. అయిపోయె."

"అయిపోతదా?"

"అయిపోతది. నువ్వు నోరు తెరవకుంటె అయిపోతది."

"చెయ్యని తప్పు ఒప్పుకోవాలె."

"చేసినవా, చెయ్యలేదా అని ఇప్పుడు ఎవరడిగిండ్రు?"

"నువ్వు అడగాలె! పెండ్లాం మీద అంత మాట పడితె, కట్టుకున్నోడు అడగాలె."

"నాకు తెల్వదా సరోజా, నువ్వెసొంటిదానివో?"

"తెలిస్తె ఆ మాటనే చావిట్ల చెప్పు. నా పెండ్లాం గసొంటిది గాదు అని చెప్పు. నడిమిట్ల నిలవడి చెప్పు."

"నేను చెప్తె నమ్ముతరా? మరి రొట్టె ఎందుకు, ఆ మాటలేంది అంటరు. అప్పుడు ఏం చెప్తవ్?"

"ఏదో ఒకటి చెప్త."

"ఏం చెప్తవ్? ఇప్పుడు చెప్పు. నాకు చెప్పు."

"వద్దు. నువ్వు అడగకు."

"చెప్పు!"

"నీ మంచికే అంటున్న, అడగకు."

"నా మంచి సంగతి నేను చూసుకుంట. ఏం చెప్తవ్?"

"దినేష్‌కు పెట్టిన అని చెప్త. ఇగో, చెప్పిన. రొట్టె నా తమ్మునికి. మాటలు నా తమ్మునితోని. సాల్నా?"

"సచ్చినోనికా?"

"సచ్చినోనికే. బతికినోల్లకు మస్తు పెట్టిన. మీ ఇంట్ల పెత్రమాస వస్తె మీ తాతకు పెడ్తరు, మీ అయ్యకు పెడ్తరు, ఎన్నడు చూడని మీ ముత్తాతకు గూడ పెడ్తరు. అన్ని నేనే వండుత. నా తమ్మునికి ఈ ఇంట్ల పిడికెడు పెట్టొద్దు. వాడు పరాయోడు. వానికి మా అమ్మ పెట్టాలె. మా అమ్మ పెడ్తలే."

"ఎందుకు పెడ్తలేదు?"

"నన్ను అడుగుతున్నవా? తాగి బాయిల దిగినోనికి, కన్నతల్లి కడుపు మీద తన్ని పోయినోనికి నేను పెట్టనన్నది. కొత్తకోట సంతల కల్లు కుండలు కనవడితె సాలు, వాన్ని తిట్టుకుంట కూసుంటున్నది. సచ్చినోన్ని తిడుతున్నది. గందుకే నేను పెడుతున్న. రాయి మీద రొట్టె పెట్టి, పచ్చికారం పెట్టి, రారా తిందువు అంట. కాకి వస్తది. కాకి తింటుంటె మాట్లాడుకుంట కూసుంట. చిన్నప్పుడు వాడు చేసిన ఆగడాలు యాదికొస్తె నవ్వొస్తది. మల్ల ఏడుపొస్తది. అంతనే. ఇంటికొచ్చేటాలకు గుండె జర సల్లవడుతది. రాత్రికి కన్ను మూత వడుతది. గీ ముచ్చట చావిట్ల చెప్త."

"వద్దు."

"ఏంది వద్దు?"

"గది చెప్పకు."

"ఎందుకు చెప్పొద్దు? కురుమయ్య ఇన్నదానికి, నేను చెప్పేదానికి సరిగ్గ సరిపోతది గదా. అక్కడ పడున్న రొట్టె తునకలు చూపిస్త. కాకులను చూపిస్త."

"సచ్చినోనితో ముచ్చట పెడుతుందంటె పిచ్చిదంటరు నిన్ను."

"అననియ్యి."

"పిచ్చిదంటె ఊకె గాదు సరోజా. పిల్లలకు రేపు సంబంధాలు రావు."

"తల్లి గుట్టల పొంటి మొగోన్ని పట్టుకొని తిరిగిందంటె వస్తయా? ఏం మాట్లాడుతున్నవ్ నువ్వు? పిచ్చిదనేకన్న లంజ అంటె నయమా?"

"గట్ల గాదు..."

"ఎట్ల మరి? నీ నోటితోనే చెప్పు. పెండ్లాం పిచ్చిదయితె నీకు నామోషి. పెండ్లాం చెడిపోయింది అంటె నీకు ఇజ్జతా?"

"నువ్వు సమజ్ చేసుకో. ఆ పోరని పేరు చావిట్ల తియ్యకు. పేరు తీస్తె బాయి ముచ్చట వస్తది. బాయి ముచ్చట వస్తె..."

"వస్తె?"

"వస్తె ఏంది, ఊకె అందరికి బాధ. మీ అమ్మకు బాధ."

"మా అమ్మ మీద ఇంత పాయిరం ఎప్పుడొచ్చింది నీకు?"

"ఎల్లకాలం ఉన్నదే."

"ఆగు. జర ఆగు. నా దిక్కు చూడు."

"ఏంది?"

"నా మొకం దిక్కు చూడు. మీ అమ్మ వాకిట్ల నిలవడి ఎవడంట అని అడిగింది. వెంకటన్న పెండ్లాం నీళ్ల కాడ అడిగింది, ఎవడే అని. కురుమయ్య ఇంటోళ్లు అడిగిండ్రు. పొద్దున కిరాణకొట్టు కాడ పోరగాండ్లు గూడ నన్ను చూసి ఎవడంటరా, ఎవడంటరా అని గుసగుస పెట్టుకున్నరు. ఊరంత అదొక్కటే అడుగుతున్నది."

"అడుగుతరు మరి."

"నువ్వు అడగలే."

"ఏంది?"

"నువ్వొక్కనివే అడగలే. ఇంతసేపటి సంది చెంబు అంటివి, రొట్టె అంటివి, తలకాయ దించు అంటివి, కాళ్లు మొక్కు అంటివి. ఎవడే వాడు అని ఒక్కసారి అడగలే. సంతల నాకు గాజులేసినోడు జర ఎక్కువసేపు చెయ్యి పట్టుకున్నడని వాని బండి తలకిందులు చేసినోనివి నువ్వు. అసొంటోనివి, ఇయ్యాల అడగలే."

"నాకు నీ మీద నమ్మకం..."

"నమ్మకం గాదు. ఎవడు లేడని నీకు తెల్సు."

"సరోజా, టైమైతున్నది..."

"వచ్చినవ్ నువ్వు. నా ఎనక వచ్చినవ్ గుట్ట కాడికి."

"నేనెందుకొస్త?"

"వచ్చినవా లేదా?"

"జర మెల్లగ..."

"వచ్చినవా లేదా!"

"వచ్చిన! కురుమయ్య అట్ల చెప్తె రానా? మొగోన్ని గానా? వచ్చిన. రాయి ఎనక కూసున్న. అంతే."

"ఇన్నవా?"

"జర ఇన్న."

"ఎంత?"

"జర అంటున్న గదా."

"ఎంత ఇన్నవ్?"

"అంత ఇన్న."

"అంత ఇన్నవ్."

"సరోజా..."

"నా తమ్మునితోని ఏమన్న నేను? చెప్పు. ఇన్నవ్ గదా, నీ నోటితోని చెప్పు."

"నాకు యాదికి లేదు."

"నాకున్నది. బావ దిగు అంటె దిగితివి గదరా అన్న. బాయిల బండకు పెట్టిన తూటా పేలలేదు, రేపు పొద్దున దాక ఆగుదాం బావా అని నువ్వు చెప్తనే ఉంటివి గదరా అన్న. గిదే ఇన్నవ్ గదా?"

"నీకెవరు చెప్పిండ్రు అది?"

"ఎవరు చెప్పాలె? సద్ది పట్టుకొని వస్తున్న ఆ దినం. గట్టు ఎక్కుతున్న. నువ్వు మొత్తుకుంటున్నవ్. 'దిగురా ఏం గాదు, ఆడదాని లెక్క బుగులుపడకు, పొద్దుగూకుతున్నది' అన్నవ్. నేను గట్టు ఎక్కేటాలకు వాడు దిగిండు. నేను పిలిచేటాలకు మోత ఇనొచ్చింది."

"నేనేమన్న సావాల్నని దింపిన్నా? ఒత్తి తడిసింది అనుకున్న. కూలోళ్లు ఎళ్లిపోయిరి. ఎండకాలం పోతె బాయి లోతు గాదు, పంట పోతది, తిండికి పోతది. నా పానం ఎట్ల కొట్టుకుందో నీకు తెల్వదు."

"సావాల్నని దింపినవని నేనన్ననా? రాళ్లకు గూడ అట్ల చెప్పలే నేను. పొరపాటైంది. ఒప్పుకుంట. ఎవలికైనా అయితది. గా దినం గా ఒక్క మాట అని ఉంటె, నేనే దిగుమన్న, నాదే పొరపాటు అని ఉంటె, ఊరంత నిన్ను తిడుతుంటె నీ పక్కకు నేను నిలవడుతుంటి. మా అమ్మ కాళ్లు నేను పట్టుకుంటుంటి నీ కోసం. తాగిండని ఎందుకన్నవ్?"

"పోలీసోళ్లు వచ్చిరి. బుగులైంది. నోట్లెకు వచ్చింది అన్న."

"కల్లు ముంత ముట్టనోన్ని. పెండ్లిల్ల బలవంతం చేస్తె ఎనకకు పోయి పారవోసి వచ్చేటోడు. అసొంటోన్ని తాగుబోతును చేసినవ్. వాని పాడె లేస్తుంటె, తాగి సచ్చిండని నలుగురు నాలుగు తీర్ల అనుకున్నరు. కన్నతల్లి పిండం పెడ్తలే వానికి. నువ్వన్న ఒక్క మాటకు."

"ఇప్పుడు ఏం చెయ్యమంటవ్? సచ్చినోడు లేసొస్తడా?"

"రాడు. గందుకే నోరు మూసుకున్న. నీ కోసం. పిల్లల కోసం. జేలుకు పోతడేమొ, ఇల్లు కూలుతదేమొ అని. లోపల కుళ్లుతనే ఉంది, కుళ్లుతనే ఉంది, ఒక్క మనిషికి చెప్పలే. సిస్టరు గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలే. రాళ్లకు చెప్పిన. కాకులకు చెప్పిన. నిన్ను కాపాడనీకె నేను గుట్టకు పోయి ఏడిస్తె, నిన్ను నువ్వు కాపాడుకోనీకె నన్ను చావిట్ల నిలవెడుతున్నవ్."

"నేను పెట్టలే పంచాయితి. కురుమయ్య పెట్టిండు."

"ఆపచ్చు గదా నువ్వు? నేను పోయి చూసిన, ఎవడు లేడు, తమ్మున్ని తలుసుకొని ఏడుస్తుండె అంటె అయిపోతుండె గదా? ఒక్క మాటతో అయిపోతుండె."

"ఏమని ఏడుస్తుండె అని అడుగుతరు. అడిగితె నా నోట్లెకెళ్లి ఏం వస్తదో నాకే తెల్వదు. నాకు గూడ నిద్ర లేదు సరోజా. నువ్వు అనుకుంటున్నట్టు సల్లగ లేను నేను. కండ్లు మూస్తె వాడు బాయి లోపలికెళ్లి బావా అని పిలుస్తడు."

"మరి ఆ దినం రాయి ఎనకకెళ్లి బయటికి రావచ్చు గదా?"

"ఏ మొకం పెట్టుకొని వస్త?"

"వచ్చి నా పక్కకు కూసోవచ్చు గదా? నేను తిట్టినా కొట్టినా పడి, వానికి బుక్కెడు రొట్టె నువ్వు గూడ పెట్టచ్చు గదా?"

"బుగులైంది."

"నీకు బాయి కాడ బుగులు, పోలీసోళ్ల కాడ బుగులు, రాయి ఎనక బుగులు. నాకేమొ చావిడి."

"ఒక్క మాటనే సరోజా. తప్పయింది అను. రెండు దినాలైతె ఊరు మర్చిపోతది. నేను నిన్ను మంచిగ చూసుకుంట. ఎన్నడు ఒక్క మాట అనను. గుట్టకు పోతానంటె పో, నేనే తోలుకపోత."

"అక్కడికి గూడ వస్తవా ఇగ?"

"ఏందిరా సాయన్నా, ఇంకెంతసేపురా! దీపాలు పెట్టిండ్రు. ఊరంత మన ఇంటి దిక్కే చూస్తున్నది. ఒప్పుకున్నదా, లేదా?"

"ఒప్పుకుంటది అమ్మా. వస్తున్నం. ఒప్పుకుంటది."

"అత్తా, లోపలికి రా."

"ఏందే?"

"సరోజా, వద్దు. కాళ్లు మొక్కుత నీకు, వద్దు."

"నువ్వు జరుగు. అత్తా, ఒప్పుకున్న అని చెప్పుపో. గుట్ట కాడ మొగోడు ఉండె. ఒప్పుకున్న."

"ఓ నా తల్లో! ఉండెనా? ఎవడే వాడు? పేరు చెప్పు!"

"నీ కొడుకే అత్తా. నేను తమ్మున్ని తలుసుకొని ఏడుస్తుంటె రాయి సాటుకు నక్కి అంత ఇన్నోడు, నీ కొడుకే. ఏం ఇన్నడో చావిట్ల ఆయననే చెప్పమను, నడువుండ్రి."